అన్నమెరిగిన వైద్యుడు – యల్లాప్రగడ సుబ్బారావు

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెలలో బోదకాలు చిరకాలము విధివ్రాతగా భావింపబడెను. కాలు లావెక్కినవాడు అరక పట్టలేడు, నాట్లకు వంగలేడు, నలుగురిలోనికి వచ్చుటకు సిగ్గుపడును. ఆ వ్యాధికి మూలమైన సన్నని పురుగుల పిల్లలు పగలు దాగియుండి రాత్రివేళ రక్తములో సంచరించును. అందుచేతనే ఆరోగ్యశాఖవారు ప్రొద్దుపోయిన పిమ్మట ఇంటింటికి వచ్చి, వ్రేలికొనను సూదితో గ్రుచ్చి, రక్తపుబొట్టును గాజుపలకమీద పూసికొని పోవుట ఆనవాయితీ అయ్యెను. భారతదేశమున ఫైలేరియా నివారణ కార్యక్రమము 1955లో ఆరంభమయ్యెను. 2004 నుండి వ్యాధి నెలకొనియున్న జిల్లాలలో ఇల్లిల్లు తిరిగి మాత్రలు మ్రింగించు పద్ధతి వచ్చెను. ఆ మాత్ర పేరు డి.ఇ.సి.

అదే ఊరిలో గర్భవతియైన స్త్రీకి ఆరోగ్యకార్యకర్త మరియొక మాత్ర నిచ్చును. అందులో ఇనుము, ఫోలిక్ ఆమ్లము కలసియుండును. రక్తహీనతను నివారించుటకై 1970 నుండి ప్రభుత్వము పంచిపెట్టుచున్న మాత్ర యిది. ఇక ఏ ఇంటనైన పసివానికి రక్తపు క్యాన్సరు సోకినచో, తల్లిదండ్రులు వానిని ఎత్తుకొని విశాఖపట్టణమునకు పరుగిడుదురు. అక్కడ వైద్యుడు వ్రాసియిచ్చు మందుల పట్టికలో మెథోట్రెక్సేట్ అను పేరు తరచుగా కనబడును.

ఈ మూడు మందుల వెనుక నిలిచినవాడు ఒక్కడే తెలుగువాడు. ఆయన పేరు ఏ మాత్రమీదను లేదు. మూడింటిలో మొదటిది పురుగునకు విరుగుడు. రెండవది జీవకణమునకు అన్నము. మూడవది ఆ అన్నపు వేషము ధరించి కణములోనికి ప్రవేశించు విషము. ఒకే మనుజుడు అన్నమును కనుగొని, పిదప ఆ అన్నమునకే మారువేషము కల్పింపవలసివచ్చుట యెట్లు సంభవించెనో తెలియవలెనన్న యల్లాప్రగడ సుబ్బారావు జీవితకథను మొదటినుండి చూడవలెను.

బాల్యము, విద్య

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరములో జన్మించెను. తండ్రి జగన్నాథము రెవిన్యూశాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ. సంతానము పెద్దది, సంపాదన చిన్నది. బాలునకు చదువుకంటె ధనార్జనమీద మనసు పోయెను. పదమూడవయేట కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనికుడు కావలెనని ఇల్లు విడిచి బయలుదేరెను. దారిలోనే పట్టి ఇంటికి తెచ్చిరి. తల్లి పట్టుదలగల ఇల్లాలు. కుమారుని చదివించితీరవలెనని ఆమె నిశ్చయించెను.

ఆ చదువైనను సాఫీగా సాగలేదు. రాజమహేంద్రవరమున చదివి మెట్రిక్యులేషన్ పరీక్ష రెండుమారులు తప్పెను. మూడవమారు మద్రాసు తిరువళ్ళిక్కేణిలోని హిందూ హైస్కూలునుండి పరీక్షకు కూర్చుండి కృతార్థుడయ్యెను. తండ్రి అప్పటికే గతించెను. ప్రెసిడెన్సీ కళాశాలలో చదువునప్పుడు రామకృష్ణ మఠము ఆయనను ఆకర్షించెను. సన్యసించి సేవకు అంకితము కావలెనని కోరగా తల్లి అనుమతింపలేదు. వైద్యము నేర్చినను సేవ చేయవచ్చునని మఠమువారు బోధించిరి. అట్లు ఆయన మద్రాసు వైద్యకళాశాలలో చేరెను. సన్యాసము దక్కలేదు కాని సన్యాసి స్వభావము మాత్రము కడవరకు ఆయనను విడువలేదు.

అవి గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట మారుమ్రోగుచున్న దినములు. సుబ్బారావు శస్త్రచికిత్సాశాలలో సైతము ఖద్దరు అంగీనే ధరించెను. అది ఆంగ్లేయుడైన ఆచార్యునకు కంటగింపయ్యెను. మిగిలిన పత్రములు చక్కగా వ్రాసినను ఆయనకు పూర్తి వైద్యపట్టము లభింపక, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే దక్కెను. ప్రభుత్వ వైద్యోద్యోగపు ద్వారము దానితో మూసికొనిపోయెను. ఆయన మద్రాసు ఆయుర్వేద కళాశాలలో అధ్యాపకుడుగా చేరెను.

సంగ్రహణి

ఈ కాలముననే ఆయన జీవితమును మలుపు త్రిప్పిన దుఃఖము సంభవించెను. అన్న పురుషోత్తము, తమ్ముడు కృష్ణమూర్తి సంగ్రహణి వ్యాధితో కొద్దిదినముల యెడముననే మరణించిరి. పాశ్చాత్యవైద్యులు స్ప్రూ అని పిలుచు వ్యాధి యిది. రోగి తినును, కాని తిన్నది వంటబట్టదు. విరేచనములు కట్టవు. నాలుక పుండై ఎఱ్ఱబారును, రక్తము పలుచబడును, దేహము నానాటికి శుష్కించును. అన్నము ఎదుటనుండగనే మనుజుడు ఆకలితో చచ్చుట వంటిది. సుబ్బారావునకును ఆ వ్యాధి సోకెను. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సవలన ఆయన బ్రతికి బయటపడెను.

సోదరులు పోయిరి, తాను మిగిలెను. మందు పనిచేసినదని ఎరుగును, కాని ఏల పనిచేసినదో ఎరుగడు. ఆ రోగమందు దేహమునకు కొరవడినది యేమి? అన్నములోని ఏ సారము రక్తమును పుట్టించును? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటకు మద్రాసులో పరిశోధనశాల లేదు. అమెరికా పోవలెనని సంకల్పించెను. 1919లో ఆయనకు అనపర్తి కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరితో వివాహము జరిగియుండెను. మామగారు ప్రయాణమునకు ధనసహాయము చేసిరి. గర్భవతియైన భార్యను వీడి ఆయన ఓడ ఎక్కెను. కొలది సంవత్సరములలో తిరిగివత్తునని నమ్మి ఆమె సాగనంపెను. ఆయన తిరిగి రాలేదు. అటుపిమ్మట పుట్టిన కుమారుడు శైశవమునందే మరణించెను. తండ్రి ఆ బిడ్డ ముఖమును చూడనేలేదు.

బోస్టను రాత్రులు

1922 అక్టోబరు 26వ తేదీన సుబ్బారావు బోస్టను నగరమున అడుగిడెను. చేతిలో సొమ్ము అత్యల్పము. హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన ఉష్ణమండల వైద్యపాఠశాలలో చేరెను గాని విద్యార్థివేతనము లేదు. పగలు పాఠములు. రాత్రి ఆసుపత్రిలో కూలిపని. రోగుల మలమూత్రపాత్రలు కడిగి, పక్కదుప్పట్లు మార్చి, దినవెచ్చమునకు చాలు డబ్బు సంపాదించెను. మద్రాసులో వైద్యపట్టము పొందినవాడు ఈ పనికి సిగ్గుపడలేదు.

డిప్లొమా పొందిన పిమ్మట హార్వర్డు వైద్యపాఠశాలలో జీవరసాయనశాస్త్రశాఖకు పోయి సైరస్ ఫిస్కే అను ఆచార్యునియొద్ద పరిశోధన ఆరంభించెను. మొదటిపని చూచుటకు చిన్నది. రక్తములోను మూత్రములోను భాస్వరము ఎంత యున్నదో కొలుచుటకు సులువైన ఉపాయము కావలెను. 1925లో ఫిస్కే, సుబ్బారావులు ప్రకటించిన పద్ధతి యిట్టిది: భాస్వరముగల ద్రవమునకు మొలిబ్డేటు చేర్చి, దానిపై మరియొక రసాయనమును ప్రయోగింపగా నీలివర్ణము పుట్టును. భాస్వరము ఎంత హెచ్చో నీలిమ అంత చిక్కన. రంగును పోల్చి చూచి కొలత చెప్పవచ్చును. నేటికిని జీవరసాయనశాస్త్రము చదువు విద్యార్థులు ఈ ఇరువురి పేరుగల పరీక్షను నేర్చుచున్నారు.

ఆ నీలిరంగే గొప్ప సంగతిని బయటపెట్టెను. కండరమునుండి తీసిన సారములో రంగు వెంటనే నిండుగా రాక క్రమక్రమముగా చిక్కబడుచుండెను. మరియొకడైనచో పరీక్షలో పొరపాటని త్రోసివేసియుండును. సుబ్బారావు త్రోసివేయలేదు. కండరములో భాస్వరము మరియొక పదార్థముతో ముడివడియుండి, ఆమ్లము తగిలినంతనే మెల్లగా విడివడుచున్నదని వారు గ్రహించిరి. ఆ పదార్థము ఫాస్ఫోక్రియాటిన్. 1927లో అది లోకమునకు తెలిసెను. ఇంగ్లండులోను కొందరు శాస్త్రజ్ఞులు అదే సమయమున దానిజాడ పట్టిరి. 1929లో సుబ్బారావు, ఫిస్కేలు కండరమునుండి ఎ.టి.పి. అను పదార్థమును వేరుచేసిరి. జర్మనీలో లోమన్ అనునతడు అదే సంవత్సరమున స్వతంత్రముగా దానిని కనుగొనెను. ప్రాణికోటి సమస్తము తన శక్తిని వెచ్చించు నాణెము ఎ.టి.పి. యని తరువాతి శాస్త్రము నిరూపించెను. కండరములు లాక్టిక్ ఆమ్లమువలన ముడుచుకొనునని నోబెల్ బహుమానగ్రహీతలు సైతము నమ్మియుండగా ఆ నమ్మకము సడలిపోయెను.

1930లో ఆయనకు డాక్టరేటు లభించెను. స్థిరమైన ఆచార్యపదవి మాత్రము హార్వర్డులో దక్కలేదు. అటుపిమ్మట ఆయన దృష్టి తన తొలిప్రశ్నవైపు మరలెను. కాలేయసారములో రక్తహీనతను పోగొట్టు గుణమున్నదని అప్పటికే తెలిసియుండెను. ఆ సారమందలి ఏ పదార్థము ఆ పని చేయుచున్నదో తెలియదు. దానిని విడదీయుటకు ఆయన సంవత్సరముల తరబడి శ్రమించెను.

ఆకులోని అమృతము

ఈ అన్వేషణకు మూలము మన దేశముననే కలదు. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్లవైద్యురాలు బొంబాయికి వచ్చి, అచటి నేతమిల్లులలో పనిచేయు గర్భవతులు తీవ్రమైన రక్తహీనతతో మరణించుట చూచెను. పులియబెట్టు ఈస్టుతో తయారగు చవుకైన ఆహారపదార్థము నిచ్చిన ఆ స్త్రీలు కోలుకొనిరి. ఈస్టులో ఏదో పోషకము కలదు. 1941లో అమెరికాలో మరికొందరు శాస్త్రజ్ఞులు టన్నులకొలది పాలకూరనుండి ఒక పదార్థమును లేశమాత్రము తీసి, లాటిను భాషలో ఆకు అను అర్థమిచ్చు పదమునుండి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. మన ఇండ్లలో దినదినము వండు తోటకూర, పాలకూరలలోని సారమే అది.

1940లో సుబ్బారావు హార్వర్డును విడిచి న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ అను ఊరనున్న లెడర్లే ఔషధపరిశోధనశాలకు పోయెను. అనతికాలమునకే అచటి పరిశోధనలకు అధిపతి అయ్యెను. ఆయన క్రింద రసాయనికులు, జీవశాస్త్రజ్ఞులు, వైద్యులు పెక్కురు పనిచేసిరి. పాలను పులియజేయు జాతికి చెందిన ఒక సూక్ష్మజీవి ఫోలిక్ ఆమ్లము లేనిచో పెరుగజాలదు. ఏ సారములో ఆ జీవి ఎంత పెరిగినదో చూచి, అందు ఆ పోషకమెంత కలదో వారు నిర్ణయించిరి. కాలేయమునుండియు, సూక్ష్మజీవుల పులిసిన ద్రవమునుండియు పదార్థమును శుద్ధిచేసి దాని నిర్మాణమును తెలిసికొనిరి. 1945లో పరిశోధనశాలలోనే దానిని తయారుచేయగలిగిరి. ఆ వార్తను ప్రకటించిన పత్రమున పదిమందికి మించిన సహచరుల నడుమ సుబ్బారావు పేరొక్కటి. ఆయన దానిని ముందునకు జరుపుకొనలేదు.

కృత్రిమముగా తయారైన ఫోలిక్ ఆమ్లమును టామ్ స్పైస్ అను వైద్యుడు క్యూబా దేశమున స్ప్రూ రోగులకిచ్చెను. మంచమంటినవారికి నాలుక పుండు మానెను, ఆకలి పుట్టెను, రక్తము పట్టెను. ఇరువదియైదు సంవత్సరములకు మునుపు ఏ వ్యాధి తన యింట రెండు పాడెలు కట్టించెనో దానికి మందు సుబ్బారావు నాయకత్వమున వెలువడెను. సోదరుల కది అందలేదు. ఎవరో ఎరుగని దేశపు పేదలకు అందెను.

అన్నమే శత్రువైన వేళ

కథ ఇంతటితో ముగిసినచో అది సుఖాంతము. కాని ఫోలిక్ ఆమ్లము మరియొక ద్వారమును తట్టెను. బోస్టను నగరములో, సుబ్బారావు ఒకప్పుడు రాత్రికూలి చేసిన వైద్యపాఠశాల పరిసరములలోనే, బాలల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తపు క్యాన్సరు సోకిన పిల్లలను చూచుచుండెను. ఆ వ్యాధిని ల్యుకేమియా యందురు. ఎముకలలోని మూలుగునందు అపక్వమైన తెల్లకణములు హద్దులేక పెరిగి మంచిరక్తమునకు చోటులేకుండ చేయును. నాటికి దానికి మందు లేదు. వ్యాధి కనబడిన కొలది వారములలో, మహాయైన కొలది మాసములలో బిడ్డ చనిపోవును.

రక్తమును బాగుచేయు పోషకము ఈ రక్తవ్యాధిని గూడ బాగుచేయునేమో యని లెడర్లేనుండి వచ్చిన ఫోలిక్ ఆమ్లపు సంయోగములను ఆయన కొందరు పిల్లలకిచ్చెను. ఫలితము విపరీతమయ్యెను. క్యాన్సరుకణముల పెరుగుదల తగ్గుటకు బదులు వేగము పుంజుకొన్నట్లు ఆయనకు తోచెను. పైరునకు వేసిన ఎరువు కలుపుమొక్కకు ముందుగా అందినట్లయ్యెను.

వైద్యునకు ఇంతకు మించిన గుండెకోత లేదు. కాని ఆ దుష్ఫలితములోనే మార్గము కనబడెను. పోషకము వ్యాధిని పెంచినచో, ఆ పోషకమును అందకుండ చేయుట వ్యాధిని అణచవలెను. అందకుండ చేయుటయెట్లు? ఇక్కడ సుబ్బారావు సహచరుల నైపుణ్యము అక్కరకు వచ్చెను. ఫోలిక్ ఆమ్లపు నిర్మాణమును అణువణువు ఎరిగినవారు వారే. దానిలో ఒకానొక స్థానమునందున్న ఆక్సిజన్ ముక్కను తీసి నైట్రొజన్ ముక్కను అమర్చినచో చూపునకు ఫోలిక్ ఆమ్లమువలెనే యుండి పనికిమాత్రము రాని పదార్థము పుట్టును. దాని పేరు అమినోప్టెరిన్. 1947లో లెడర్లే పరిశోధనశాలలో అది తయారయ్యెను. ఆ సంవత్సరాంతమున బోస్టనులోని ఒక బాలునకు మొదటిమారు ఇయ్యబడెను.

1948 జూనులో ఫార్బర్ తన అనుభవమును ప్రకటించెను. వ్యాధి ముదిరిన 16 మంది పిల్లలలో 10 మందికి తాత్కాలికముగా వ్యాధి వెనుకంజ వేసెను. మంచమునుండి లేవలేని పసివారు లేచి ఆడుకొనిరి. ఆ ఉపశమనము శాశ్వతము కాలేదు. కొలది మాసములకు వ్యాధి తిరిగివచ్చెను. అయినను రసాయనిక ఔషధముతో ల్యుకేమియాను వెనుకకు త్రిప్పవచ్చునని మానవుడు తెలిసికొన్నది అప్పుడే. అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ కొంత సౌమ్యమైనదగుటచేత తరువాతి వైద్యులు దానిని చేపట్టిరి. గర్భకోశమందు పుట్టు ఒకానొక ఘోరమైన క్యాన్సరు 1956 నాటికి మెథోట్రెక్సేట్‌తో సంపూర్ణముగా నయమగుట చూచిరి. అంతవరకు గట్టిగడ్డగా పెరిగిన క్యాన్సరును మందుతో మాత్రమే నయముచేయుట యెరుగరు.

పడవవాని కథ

ఈ మారువేషపు మందు క్యాన్సరుకణములోనికి ఎట్లు పోవును? సుబ్బారావు జీవించియున్నంతకాలము ఎవరును దీనిని ఎరుగరు. జీవకణము చుట్టును నూనెవంటి పొర కలదు. నీటిలో కరగు పోషకము ఆ పొరను దాటజాలదు. వంతెన లేని కాలమున వంశధార, నాగావళి నదులు వరదలెత్తినపుడు ఆవలిగట్టు చేరవలెనన్న పడవవాడే శరణ్యము కదా! కణపు పొరయందును అట్టి పడవవాండ్రు కలరు. వారు మాంసకృత్తులతో నిర్మితమైన వాహకములు. ఒక్కొక్క వాహకము తాను గుర్తెరిగిన పోషకమునే ఎక్కించుకొనును. పంచదారకొక పడవ, అమైనో ఆమ్లములకు వేరొక పడవ, ఫోలిక్ ఆమ్లపు జాతికి మరియొకటి.

క్యాన్సరుకణమునకు ఆకలి హెచ్చు. అది విరామము లేక విభజన చెందవలెను. విభజనకు కొత్త జన్యుపదార్థము కావలెను. ఆ పదార్థమును అల్లుటకు ఫోలిక్ ఆమ్లజాతి కావలెను. శక్తికి పంచదార కావలెను. 1920 దశకములోనే జర్మనీ శాస్త్రజ్ఞుడు వార్‌బర్గ్ క్యాన్సరు గడ్డ మామూలు కండకంటె మిక్కిలి హెచ్చుగా పంచదారను తినివేయునని చూపెను. పెక్కు క్యాన్సరులలో పంచదారను చేరవేయు వాహకములు కణపు పొరయందు అధికసంఖ్యలో నుండునని తరువాత తేలెను. పడవలు పెరిగినకొలది సరుకు పెరుగును, సరుకు పెరిగినకొలది గడ్డ పెరుగును. ఈ ఆకలినే ఆధారముగా చేసికొని నేటి ఆసుపత్రులలో పెట్ స్కాన్ అను పరీక్ష జరుగుచున్నది. స్వల్పమైన రేడియోధార్మికత గల పంచదారవంటి పదార్థమును రోగి రక్తములోనికి ఎక్కింతురు. క్యాన్సరు దాగిన చోటు దానిని ఆబగా లోనికి తీసికొని ఛాయాచిత్రములో వెలుగును. తన ఆకలియే తన్ను పట్టియిచ్చును.

మెథోట్రెక్సేట్ చేయు పనియు ఇట్టిదే. అది ఫోలిక్ ఆమ్లజాతి దుస్తులు ధరించి రేవున నిలుచును. పడవవాడు తనవాడేయని ఎక్కించుకొని లోనికి దింపును. లోపల ఫోలిక్ జాతిని పనికి సిద్ధపరచు ఎంజైమొకటి కలదు. మందు ఆ ఎంజైమును గట్టిగా పట్టుకొని విడువదు. జన్యుపదార్థపు అల్లిక నిలిచిపోవును, కణము చచ్చును. ఈ వాహకపు జన్యువును 1990 దశకపు మధ్యకాలమున శాస్త్రజ్ఞులు గుర్తించిరి. దాని రూపమును అణువుల మట్టమున 2022లో చిత్రింపగలిగిరి.

ఈ జ్ఞానము పుస్తకములకు మాత్రమే పరిమితము కాలేదు. కొందరు రోగులలో మందు మొదట పనిచేసి పిదప పనిచేయదు. దానికి గల కారణములలో ఒకటి క్యాన్సరుకణము తన పడవలను తగ్గించుకొనుట, లేక చెడగొట్టుకొనుట. విషము రాకుండుటకై అన్నపు దారినే ఇరుకు చేసికొనునన్నమాట. ఈ వాహకపు జన్యువు 21వ క్రోమోసోమునందు కలదు. ఏ పిల్లల క్యాన్సరుకణములలో ఆ క్రోమోసోము అదనముగా నుండునో, ఆ కణములలోనికి మందు హెచ్చుగా పోవును, చికిత్స బాగుగా ఫలించును. ఈ పడవలో మరింత సులువుగా ఎక్కునట్లు రూపొందించిన ప్రలట్రెక్సేట్ అను మందు 2009లో అమెరికాలో అనుమతి పొందెను.

మందునకు దోషము లేకపోలేదు. ఫోలిక్ ఆమ్లపు పడవ మంచికణములకు గూడ కలదు. అందుచేత వేగముగా పెరుగు నోటిపొర, ప్రేగుపొర, ఎముకమూలుగు దెబ్బతినును. నోటిలో పుండ్లు లేచును. పెద్దమోతాదున మందిచ్చిన పిమ్మట వైద్యులు ఫోలిక్ జాతికి చెందిన అసలు పోషకము నిచ్చి మంచికణములను కాపాడుదురు. మొదట మారువేషగానిని పంపి, వెంటనే అసలువానిని పంపుట ఈ చికిత్సలోని మర్మము.

చిన్నప్రేగులో ఫోలిక్ ఆమ్లమును లోనికి తీసికొను వాహకము వేరొకటి కలదు. అది 2006లో గుర్తింపబడెను. సంగ్రహణిలో చెడిపోవునది ఆ ప్రేగుపొరయే. రేవు కూలినచో పడవ ఎక్కడ నిలుచును? సుబ్బారావు సోదరులు అన్నము లేక చావలేదు, అన్నము లోనికి పోవు దారి మూతపడి చనిపోయిరి. ల్యుకేమియా పిల్లల దేహములలో అదే అన్నము దొంగకణముల యింటికి చేరెను. ఒక వ్యాధికి అన్నము, మరియొక వ్యాధికి అన్నపు వేషము ఒకే పరిశోధనశాలనుండి వచ్చుటలోని అంతరార్థమిదియే.

చివరి దినములు

ఆ యేండ్లలో ఆయన క్రింద సాగిన పని ఇంతటితో ముగియలేదు. రెండవ ప్రపంచయుద్ధమున పసిఫిక్ దీవులకు పోయిన అమెరికా సైనికులకు ఫైలేరియా సోకెను. దానికి మందు వెదకగా 1947లో హెట్రజాన్ వెలువడెను. నేడు డి.ఇ.సి. యను పేర శ్రీకాకుళము, విజయనగరము పల్లెలకు చేరిన మాత్ర యిదియే. సైనికులకై పుట్టిన మందు మన రైతుకూలీలకు చుట్టమయ్యెను. లావెక్కిన కాలును అది పూర్వరూపమునకు తేజాలదు. కాని రక్తములోని పురుగుపిల్లలను నశింపజేసి, దోమద్వారా మరియొకనికి వ్యాధి సోకకుండ ఆపును. 1948లో బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు లెడర్లేలోనే మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను మందును వెలికితీసెను. టెట్రాసైక్లిన్ జాతిమందులలో అదియే మొదటిది. ఏడుపదులు దాటినవానిని పిలిచి పని అప్పగించిన సంస్థకు పరిశోధనాధిపతి సుబ్బారావే.

ఇంత పని నడిపినవాడు తన పేరును వెనుకనే యుంచుకొనెను. విజయోత్సవములలో సహచరులను ముందు నిలిపి తాను ప్రేక్షకుల నడుమ కూర్చుండెడివాడు. అమెరికా పౌరసత్వమునకై చిరకాలము భారతీయులకు అర్హత లేకుండెను. 1946లో చట్టము మారిన పిమ్మటను ఆయన పౌరుడు కాకుండగనే కన్నుమూసెను. స్వదేశమునకు పోవలెనన్న తలపు మిగిలిపోయెను. ఫార్బర్ పత్రము వెలువడి రెండు మాసములు నిండిన కొలది దినములకే, 1948 ఆగస్టులో నిద్రలోనే గుండె ఆగి ఆయన మరణించెను. వయసు 53 సంవత్సరములు. భార్య శేషగిరి ఇరువదియారు సంవత్సరములు నిరీక్షించి ఆయన మరణవార్తను వినెను. ఆయన కీర్తిని లెక్కించువారు ఆ ఇల్లాలి నిరీక్షణను గూడ లెక్కలో చేర్చవలెను.

1953లో ఒక శిలీంధ్రమునకు శాస్త్రజ్ఞులు సుబ్బారోమైసెస్ అని ఆయన పేర నామకరణము చేసిరి. శతజయంతి వత్సరమైన 1995లో భారతప్రభుత్వము తపాలాబిళ్ళను వెలువరించెను. ఇవి చిన్న గుర్తులు. పెద్దగుర్తు వేరు. ఫోలిక్ ఆమ్లము, మెథోట్రెక్సేట్, డి.ఇ.సి. ఈ మూడును ప్రపంచ ఆరోగ్యసంస్థవారి అత్యవసర ఔషధముల పట్టికలో చోటుచేసికొనెను. సంపన్నదేశములలో పిల్లలకు ఎక్కువగా వచ్చు ల్యుకేమియా నేడు 100 మందిలో సుమారు 90 మందికి నయమగుచున్నది. అనేకమైన మందులు కలసి సాధించిన ఫలితమిది. వానిలో మెథోట్రెక్సేట్ ఇంకను తన స్థానమున నిలిచియున్నది. మన దేశమున అట్టి చికిత్సను తుదివరకు పొందు భాగ్యము బిడ్డలందరకు ఇంకను సమానముగా లేదు. అది శాస్త్రజ్ఞుడొక్కడే తీర్చగల ఋణము కాదు.

పరీక్ష రెండుమారులు తప్పిన విద్యార్థి ఎదురైనపుడు ఉపాధ్యాయుడు హిందూ హైస్కూలులో మూడవమారు పరీక్షకు కూర్చున్న ఈ బాలుని స్మరింపవచ్చును. నీలిరంగు ఆలస్యముగా వచ్చినదేమని అడిగిన ఆ ప్రశ్నను విద్యార్థి స్మరింపవచ్చును. ఫైలేరియా మాత్రతో ఆరోగ్యకార్యకర్త గడప ముందు నిలిచిన దినమున, మ్రింగుటకు మునుపు ఆ ఇంటి పిల్లవాడు భీమవరపు సుబ్బారావు పేరు ఒక్కమారు పెద్దలకు చెప్పినచో మాత్రమీద లేని పేరు ఆ ఇంట నిలిచిపోవును.